పరుగెత్తే ఆటగాడి ముందు ఇమేజ్ స్టెబిలైజేషన్ ఎంతవరకు పనికొస్తుంది?

దూరపు దృశ్యాన్ని దగ్గరగా చూపే కొత్త టెలిఫోటో లెన్సు మార్కెట్లోకి వచ్చిందంటే దాని ప్రచారంలో ముందు వరుసలో కనిపించే అంకెల్లో, చేతి వణుకు వల్ల ఫొటో మసకబారకుండా చూసే ఇమేజ్ స్టెబిలైజేషన్ అంకె ఒకటి. ఐదు స్టాపులని, ఆరు స్టాపులని, కెమెరా బాడీతో కలిపితే ఎనిమిది స్టాపుల వరకు అని కంపెనీలు చెబుతున్నాయి (స్టాపు అంటే ఏమిటో కాసేపట్లో చూద్దాం). ఆ అంకె చూసి, జిల్లా స్థాయి క్రికెట్ టోర్నమెంటునో కబడ్డీ పోటీలనో స్కూలు అథ్లెటిక్ మీట్‌నో తీయాలనుకునేవారు ఇక ఫొటోలు మసకబారవని సహజంగానే ఆశ పడతారు. తీరా తీసి చూసుకుంటే గ్యాలరీలో కూర్చున్నవారి ముఖాలు చక్కగా వచ్చి, పరుగెత్తే ఆటగాడి కాళ్లూ చేతులూ చెదిరిపోయి ఉంటాయి. సలహా అడిగితే అనుభవజ్ఞుల్లో కొందరు ఆటలు తీసేటప్పుడు దాన్ని ఆపేయమంటారు, మరికొందరు ఎప్పుడూ ఆన్‌లోనే ఉంచమంటారు. ఇద్దరూ తమ అనుభవంలోంచే మాట్లాడుతున్నారు కాబట్టి ఎవరి మాటనూ కొట్టిపారేయలేం. పెట్టె మీది అంకె కొలిచేది ఒకటి, ఆటల ఫొటోకు కావలసింది మరొకటి కావడమే ఈ గందరగోళానికి మూలం.

మసక ఎక్కడి నుంచి వస్తుంది

షట్టర్ తెరుచుకుని మూసుకునేలోగా, వెలుగును నమోదు చేసే సెన్సర్ మీద పడే బింబం కదలకుండా ఉంటేనే ఫొటో పదునుగా వస్తుంది. ఆ కాస్త వ్యవధిలో బింబం కదలడానికి రెండు కారణాలు ఉంటాయి. మొదటిది కెమెరా కదలడం. చేతులు ఎంత బిగబట్టినా కండరాలకు సహజంగా ఉండే వణుకు, శ్వాస, లెన్సు బరువు కలిసి కెమెరాను ఎంతో కొంత అటూ ఇటూ తిప్పుతూనే ఉంటాయి. రెండోది ఎదుటి మనిషి కదలడం. మామూలుగా మాట్లాడుకునేటప్పుడు రెంటినీ కలిపి "ఫొటో షేక్ అయింది" అనేస్తాం గానీ, ఫొటోను పెద్దది చేసి చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. కెమెరా కదిలితే ఫ్రేములోని ప్రతి వస్తువూ ఒకే దిశలో, దాదాపు ఒకే మేర చెదిరి ఉంటుంది. బ్యాట్స్‌మన్ కదిలితే మాత్రం వికెట్లు, క్రీజు గీత, వెనకనున్న ప్రకటన బోర్డు మీది అక్షరాలు నిలకడగా ఉండి, బ్యాటూ చేతి గ్లవ్సూ మాత్రమే చెదురుతాయి. ఫోకస్ తప్పినప్పుడు కనిపించేది ఈ రెండూ కాదు. అప్పుడు ఆటగాడికి ముందో వెనకో ఉన్న గడ్డి పదునుగా ఉండి, ఆటగాడు మెత్తగా కనిపిస్తాడు.

ఇమేజ్ స్టెబిలైజేషన్ సరిచేసేది వీటిలో మొదటి దాన్ని మాత్రమే. ఊగే పడవను కుదురుగా పట్టుకుంటే పడవలో కూర్చున్నవాడికి ఒడ్డు నిలకడగా కనిపిస్తుంది గానీ, ఒడ్డు మీద పరుగెత్తేవాడు ఆగడు. లెన్సుతో వచ్చే మాన్యువల్స్ కూడా ఈ మాట చెబుతాయి. అయితే ప్రచార పత్రం చదివినంత శ్రద్ధగా మాన్యువల్ చదివేవారు తక్కువ.

లెన్సు లోపల జరిగే పని

స్టెబిలైజేషన్ ఉన్న లెన్సులో కోణీయ వేగాన్ని కొలిచే చిన్న గైరో సెన్సర్లు ఉంటాయి. లెన్సు కొస పైకీ కిందికీ ఎంత ఊగుతోందో ఒకటి, కుడి ఎడమలకు ఎంత తిరుగుతోందో మరొకటి పసిగడుతుంది. లెన్సులోని ప్రాసెసర్ ఆ కదలికను లెక్కగట్టి, మధ్యలో ఉండే ఒక గాజు పలకల సముదాయాన్ని విద్యుదయస్కాంత మోటార్లతో అవసరమైన దిశలో పక్కకు జరుపుతుంది. దాంతో వెలుగు దారి కాస్త మళ్లి, బింబం సెన్సర్ మీద ఉన్న చోటే ఉండిపోతుంది. ఇదంతా సెకనులో వందల సార్లకు తక్కువ కాకుండా జరుగుతూ ఉంటుంది. షట్టర్ బటన్‌ను సగం నొక్కినప్పుడు లెన్సు నుంచి సన్నని గుయ్‌మనే శబ్దం వినిపించి, వ్యూఫైండర్‌లో దృశ్యం ఒక్కసారిగా నీళ్లు నిలిచినట్టు కుదురుకోవడం దీని పనే.

ఈ సాంకేతికత వయసు మూడు దశాబ్దాలు. నికాన్ 1994లో జూమ్ 700వీఆర్ అనే ఫిల్మ్ కెమెరాలో దీన్ని అమర్చింది. మరుసటి ఏడాది కెనాన్ తన 75-300 ఎంఎం లెన్సుతో, అద్దం సాయంతో లెన్సులోంచే దృశ్యాన్ని చూపే ఎస్ఎల్ఆర్ కెమెరాల విప్పి మార్చుకునే లెన్సుల్లోకి దీన్ని తెచ్చింది. కెనాన్ దీన్ని ఐఎస్ అంటుంది, నికాన్ వీఆర్ అంటుంది, సోనీ ఓఎస్ఎస్ అని, సిగ్మా ఓఎస్ అని, ట్యామ్రాన్ వీసీ అని పిలుస్తాయి. పేర్లు వేరైనా లెన్సు లోపల జరిగే పని ఒక్కటే.

ఐదు స్టాపులంటే దేని లెక్క

ఫొటోగ్రఫీలో ఒక స్టాప్ అంటే రెట్టింపు, లేదా సగం. షట్టర్ స్పీడ్, అంటే షట్టర్ తెరిచి ఉండే వ్యవధి, 1/400 సెకను నుంచి 1/200కు మారితే వెలుగు రెట్టింపు వస్తుంది, కాబట్టి అది ఒక స్టాప్. చేతితో పట్టుకుని తీసేటప్పుడు షట్టర్ వ్యవధి, దూరపు వస్తువును లెన్సు ఎంత పెద్దదిగా చూపుతుందో ఎంఎంలలో చెప్పే ఫోకల్ లెంగ్త్‌కు తలకిందుల భిన్నం కన్నా ఎక్కువ ఉండకూడదన్నది ఫిల్మ్ రోజుల నుంచి వస్తున్న ఒక అంచనా సూత్రం. దాని ప్రకారం 400 ఎంఎం లెన్సుకు 1/400 సెకను హద్దు. లెన్సుకు ఐదు స్టాపుల స్టెబిలైజేషన్ ఉందంటే ఆ హద్దు 1/200, 1/100, 1/50, 1/25 మీదుగా సుమారు 1/13 దాకా దిగుతుందని అర్థం. కదలని వస్తువును తీస్తున్నంతసేపూ ఈ వరం నిజమైనదే. గుడిలో ఫ్లాష్ వాడనివ్వని చోట శిల్పాన్ని తీసేవారికి దీని విలువ బాగా తెలుసు.

ఈ అంకెను నిర్ధారించే పద్ధతిని జపాన్‌లోని కెమెరా తయారీదారుల సంఘం సిపా 2012లో ప్రమాణంగా రూపొందించింది. మనిషి చేతి వణుకును పోలిన కదలికలను పుట్టించే యంత్రం మీద కెమెరాను బిగించి, ఎదురుగా కదలకుండా ఉన్న చార్టును ఫొటో తీసి, మసక ఎంత తగ్గిందో లెక్కిస్తారు. అన్ని కంపెనీలనూ ఒకే కొలబద్దకు తెచ్చిన మంచి పద్ధతి ఇది. కానీ ఆ పరీక్షలో ఎదుట ఉన్నది చార్టు. అది రెయిడ్‌కు రాదు, షాట్ కొట్టదు, కెమెరాను తన వెంట తిప్పుకోదు. అందువల్ల ఆ అంకె ఎంత నిజాయితీగా కొలిచినదైనా, ఆటల ఫొటోల గురించి అది చెప్పేది చాలా తక్కువ.

లెక్క వేసి చూస్తే

ఒక ఉదాహరణ తీసుకుందాం. 24 మెగాపిక్సెల్స్ ఉన్న ఫుల్ ఫ్రేమ్ కెమెరాలో సెన్సర్ వెడల్పు 36 మిల్లీమీటర్లు, అందులో అడ్డంగా సుమారు 6000 పిక్సెళ్లు ఉంటాయి కాబట్టి ఒక్కో పిక్సెల్ 0.006 మిల్లీమీటర్లు. దానికి 400 ఎంఎం లెన్సు తగిలించి, 40 మీటర్ల దూరంలో మన ముందు అడ్డంగా సెకనుకు 10 మీటర్ల వేగంతో పరుగెత్తే స్ప్రింటర్‌ను, కెమెరాను తిప్పకుండా ఒకేచోట ఉంచి తీస్తున్నామనుకుందాం. స్ప్రింటర్ బింబం సెన్సర్ మీద సెకనుకు 100 మిల్లీమీటర్ల వేగంతో జరుగుతుంది. షట్టర్ 1/1000 సెకను తెరిచి ఉంటే అది 0.1 మిల్లీమీటర్లు, అంటే దాదాపు 17 పిక్సెళ్లు.

ఇప్పుడు చేతి వణుకు వాటా చూద్దాం. పై సూత్రం ప్రకారం 1/400 సెకను దగ్గర చేతి కదలిక వల్ల వచ్చే చెదురు 0.03 మిల్లీమీటర్లు అనుకుంటే, 1/1000 దగ్గర అది 0.012కు, అంటే రెండు పిక్సెళ్లకు తగ్గుతుంది. 1/2000 దగ్గర ఒక్క పిక్సెల్ మిగులుతుంది. నాలుగు స్టాపుల స్టెబిలైజేషన్ ఆ రెండు పిక్సెళ్లను తీసుకెళ్లి ఒక పిక్సెల్‌లో ఎనిమిదో వంతు చేస్తుంది. ఘనమైన విజయమే గానీ, పక్కనే 17 పిక్సెళ్ల మసక అలాగే ఉండిపోతుంది. కెమెరాను కదపనంతవరకు దాన్ని తగ్గించగలిగేది షట్టర్ స్పీడ్ ఒక్కటే.

కెమెరాను స్ప్రింటర్ వెంట అదే వేగంతో తిప్పితే పరిస్థితి మారుతుంది. అప్పుడు ఛాతీ, తల, జెర్సీ మీది నంబరు సెన్సర్ మీద నిలకడగా ఉంటాయి. అయితే నేలకు ఆనిన పాదం ఆ క్షణాన ట్రాక్ మీద ఆగి ఉంటుంది కాబట్టి, కెమెరా దృష్టిలో అది శరీరంతో పోలిస్తే వెనక్కి సెకనుకు 10 మీటర్ల వేగంతో పోతున్నట్టే లెక్క. ముందుకు విసిరిన కాలు అంతే వేగంతో ఎదురు దిశలో పోతూ ఉంటుంది. కెమెరాను కదపకుండా తీసిన ఫొటోలో ఆనిన పాదం పదునుగా వచ్చి ముఖం చెదిరితే, వెంట తిప్పుతూ తీసిన ఫొటోలో ముఖం పదునుగా వచ్చి రెండు పాదాలూ చెదురుతాయి. ఒకే స్టెబిలైజేషన్, ఒకే షట్టర్ స్పీడ్, అయినా మసక పడే చోటు మారిపోయింది. ఆటల ఫొటోలను పరిశీలించే అలవాటున్నవారు పాదాలను చూసి ఫొటోగ్రాఫర్ కెమెరాను తిప్పాడో లేదో చెప్పేయగలరు.

ఆటగాడు నేరుగా మన వైపు వస్తున్నప్పుడు లెక్క ఇంకో రకంగా ఉంటుంది. సైట్‌స్క్రీన్ దగ్గర నుంచి తీస్తే, అవతలి ఎండ్ నుంచి పరుగెత్తుకొచ్చే బౌలర్ బింబం ఫ్రేములో పక్కకు పెద్దగా జరగదు, కాస్త కాస్త పెద్దదవుతూ ఉంటుంది అంతే. అక్కడ మసకలో చేతి వణుకు వాటా పెరుగుతుంది, కాబట్టి స్టెబిలైజేషన్‌కూ కొంత పని దొరుకుతుంది. అయినా బంతి వదిలే చేయి మాత్రం షట్టర్ స్పీడ్ మాటే వింటుంది.

మరీ వేగం పెరిగితే ఏమవుతుందో చూడటానికి మన దగ్గరి ఉదాహరణే ఉంది. అమలాపురానికి చెందిన బ్యాడ్మింటన్ ఆటగాడు సాత్విక్ సాయిరాజ్ రంకిరెడ్డి కొట్టిన స్మాష్ 2023లో గంటకు 565 కిలోమీటర్ల వేగంతో గిన్నిస్ రికార్డుకు ఎక్కింది. అది జపాన్‌లో నియంత్రిత పరిస్థితుల్లో, షటిల్ రాకెట్‌ను వదిలిన క్షణాన కొలిచిన వేగం. గాలి నిరోధం వల్ల ఆ తరువాత షటిల్ చాలా త్వరగా నెమ్మదిస్తుంది. ఆ తొలి క్షణంలో మాత్రం అది సెకనుకు దాదాపు 157 మీటర్లు పోతోంది. 1/2000 సెకనులో అది సుమారు 78 మిల్లీమీటర్లు జరుగుతుంది, అంటే తన నిడివికి కొంచెం తక్కువ దూరం. 1/8000 దగ్గర కూడా 20 మిల్లీమీటర్ల చెదురు ఉంటుంది. ఇక్కడ స్టెబిలైజేషన్ ఎన్ని స్టాపులన్నది ప్రశ్నే కాదు.

షట్టర్ తెరుచుకోకముందే దక్కే లాభం

ఇంతవరకు చదివినవారికి ఆటల ఫొటోగ్రాఫర్లు అంత ఖరీదు పెట్టి స్టెబిలైజేషన్ ఉన్న లెన్సులు ఎందుకు కొంటున్నారన్న సందేహం రావాలి. నా ఉద్దేశంలో దానికి జవాబు షట్టర్ తెరిచి ఉన్న ఆ వెయ్యో వంతు సెకనులో లేదు, దానికి ముందు గడిచే సెకన్లలో ఉంది.

400 లేదా 600 ఎంఎం లెన్సులో కళ్లు పెట్టి చూస్తే చేతి వణుకు ఎన్నో రెట్లు పెద్దదై కనిపిస్తుంది. బ్యాట్స్‌మన్ హెల్మెట్ గ్రిల్ మీద ఉంచాలనుకున్న ఫోకస్ పాయింటు ఒకసారి భుజం మీదికి, ఒకసారి వెనకనున్న వికెట్ కీపర్ మీదికి జారుతుంది. అది జారినప్పుడల్లా ఆటోఫోకస్‌కు తప్పుడు సమాచారం అందుతుంది. లెన్సులోని స్టెబిలైజేషన్ డీఎస్ఎల్ఆర్ (డిజిటల్ ఎస్ఎల్ఆర్) కెమెరాలో అద్దానికి ముందే వెలుగును సరిచేస్తుంది కాబట్టి, కంటికి కనిపించే దృశ్యమూ ఆటోఫోకస్ సెన్సర్‌కు చేరే దృశ్యమూ రెండూ కుదురుగా ఉంటాయి. దానివల్ల ఫ్రేము కట్టడం తేలికవుతుంది, ఫోకస్ అనుకున్నచోట నిలుస్తుంది. 1/2000 దగ్గర తీసిన ఫొటోలో పదును పెరిగిందంటే, చాలాసార్లు దానికి కారణం వణుకు నేరుగా తగ్గడం కాదు, ఫోకస్ సరైనచోట పడటం. గంటల తరబడి వణికే దృశ్యాన్ని చూసే కంటికి కలిగే అలసట తగ్గడం కూడా చిన్న సంగతి కాదు.

దీనికి ఒక షరతు ఉంది. పాత లెన్సుల్లో బటన్ సగం నొక్కాక దృశ్యం కుదురుకోవడానికి అర సెకను నుంచి సెకను దాకా పడుతుంది. బంతి గాల్లోకి లేచాక కెమెరా ఎత్తి వెంటనే నొక్కేస్తే స్టెబిలైజేషన్ ఇంకా సర్దుకుంటూనే ఉంటుంది, ఆ తొలి ఫ్రేము ఒక్కోసారి అసలు స్టెబిలైజేషన్ లేనిదానికన్నా మెత్తగా వస్తుంది.

వణుకేదో, కావాలని తిప్పినదేదో

లెన్సులోని గైరోకు కదలిక తెలుస్తుంది గానీ ఉద్దేశం తెలియదు. చిక్కంతా ఇక్కడే మొదలవుతుంది. ఆటగాడి వెంట కెమెరాను కుడికి తిప్పితే, సాధారణ మోడ్‌లో ఉన్న లెన్సు దాన్ని కూడా వణుకుగానే భావించి, బింబాన్ని వెనక్కి లాగడానికి ప్రయత్నిస్తుంది. దిద్దుబాటు పలకలు జరగగలిగే హద్దు తగిలాక అవి మళ్లీ మధ్యకు వస్తాయి. అప్పుడు వ్యూఫైండర్‌లో దృశ్యం ముందు బంకలా పట్టుకున్నట్టుండి, తరువాత ఒక్కసారిగా గెంతుతుంది. వరుసగా ఫ్రేములు తీసేటప్పుడు ప్రతి ఫ్రేముకూ ముందు పలకలు మధ్యకు చేరే లెన్సుల్లోనూ ఇలాంటి గెంతులే కనిపిస్తాయి. ఆటలకు స్టెబిలైజేషన్ పనికిరాదన్న మాట చాలావరకు ఈ అనుభవం నుంచి పుట్టిందే.

తయారీదారులు దీనికి విడతలవారీగా పరిష్కారాలు తెచ్చారు. కెనాన్ 1997లో 300 ఎంఎం ఎఫ్ 4 లెన్సులో రెండో మోడ్ ప్రవేశపెట్టింది (ఎఫ్ అంకె ఎంత చిన్నదైతే లెన్సు అంత ఎక్కువ వెలుగును రానిస్తుంది). కెమెరా ఒక దిశలో నిలకడగా తిరుగుతోందని గుర్తిస్తే ఆ దిశలో దిద్దుబాటు మానేసి, దానికి అడ్డంగా ఉన్న దిశలో మాత్రమే వణుకును సరిచేయడం దాని పద్ధతి. 2010 తరువాత వచ్చిన పెద్ద టెలిఫోటోల్లో మూడో మోడ్ చేరింది. అందులో లెన్సు వణుకును నిరంతరం లెక్కగడుతూనే ఉంటుంది గానీ, దిద్దుబాటు మాత్రం షట్టర్ తెరిచి ఉన్నంతసేపే చేస్తుంది. దృశ్యం బంకలా పట్టుకోదు, గెంతదు. అయితే వ్యూఫైండర్ కుదురుగా ఉండటమనే లాభాన్ని ఈ మోడ్‌లో వదులుకున్నట్టే. నికాన్ 2014లో 400 ఎంఎం ఎఫ్ 2.8 లెన్సుతో తెచ్చిన స్పోర్ట్ మోడ్ వేరే దారి పట్టింది. వ్యూఫైండర్‌లో కొంత కుదురు ఉంచుతూనే, వేగంగా తిప్పినప్పుడు అడ్డుపడకుండా, ఫ్రేముల మధ్య గెంతులు లేకుండా చూడటం దాని లక్ష్యం. సోనీ తన 400 ఎంఎం ఎఫ్ 2.8 లెన్సులో 2018లో ఇలాంటి అవసరానికే మూడో మోడ్ ఇచ్చింది. కాబట్టి ఎవరైనా "ఆన్‌లో ఉంచండి", "ఆపేయండి" అంటే ఏ లెన్సు, ఏ మోడ్ అన్నది తెలియకుండా ఆ మాటకు అర్థం లేదు.

ప్యానింగ్‌లో స్టెబిలైజేషన్ అసలు విలువ

వేగాన్ని గడ్డకట్టించకుండా వేగంగానే చూపించాలనుకున్నప్పుడు ఫొటోగ్రాఫర్లు కావాలనే షట్టర్ స్పీడ్ తగ్గించి, వాహనం వెంట కెమెరాను తిప్పుతూ తీస్తారు. దీన్నే ప్యానింగ్ అంటారు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్‌లో హుస్సేన్‌సాగర్ తీరాన సుమారు 2.8 కిలోమీటర్ల తాత్కాలిక ట్రాక్ మీద జరిగిన విద్యుత్ కార్ల ఫార్ములా-ఈ రేసు వంటి సందర్భాల్లో ఈ పద్ధతి తప్పనిసరి. అతి వేగమైన షట్టర్‌తో తీస్తే చక్రాలు కూడా ఆగిపోయి, రేసు కారు రోడ్డు మీద పార్క్ చేసినట్టు కనిపిస్తుంది.

ఒక కారు 30 మీటర్ల దూరంలో గంటకు 108 కిలోమీటర్ల వేగంతో, అంటే సెకనుకు 30 మీటర్లు, మన ముందు నుంచి పోతోందనుకుందాం. దాన్ని వెంటాడాలంటే కెమెరా సెకనుకు సుమారు 57 డిగ్రీలు తిరగాలి. షట్టర్ 1/60 సెకను తెరిచి ఉంటే ఆ వ్యవధిలో కెమెరా దాదాపు ఒక డిగ్రీ తిరుగుతుంది. 200 ఎంఎం లెన్సులో నేపథ్యం సెన్సర్ మీద 3.3 మిల్లీమీటర్లు, అంటే 550 పిక్సెళ్ల పైన గీతలా సాగుతుంది. ఫొటోకు అందం తెచ్చేది ఆ గీతలే. సాధారణ మోడ్‌లో లెన్సు ఆ డిగ్రీని అడ్డుకోబోతే నేపథ్యం గీతలు తగ్గడంతో పాటు, మనం కుదురుగా ఉంచాలనుకున్న కారే చెదురుతుంది. ప్యానింగ్ మోడ్‌లో (పైన చెప్పిన రెండో మోడ్ ఇదే) ఆ అడ్డంకి ఉండదు. పైగా కెమెరాను పక్కకు తిప్పేటప్పుడు చేతులు తెలియకుండానే పైకీ కిందికీ ఊగే ఊపును అది సరిచేస్తుంది. 1/60 సెకను చాలా నెమ్మది షట్టర్ కాబట్టి, ఆ నిలువు ఊపును సరిచేయకపోతే కారు పక్కన రాసిన పేర్లు, నంబర్లు రెండేసిగా కనిపిస్తాయి. ఆటల ఫొటోగ్రఫీలో స్టెబిలైజేషన్ ప్రభావం తుది ఫొటోలో కంటికి స్పష్టంగా కనిపించే సందర్భం ఏదైనా ఉందంటే అది ఇదే.

ఆపేయాలనే వారి వాదన, ఉంచాలనే వారి వాదన

ఆపేయాలనేవారు చెప్పే కారణాల్లో బలమైనది పైన వేసిన లెక్కే. షట్టర్ స్పీడ్ 1/1000 దాటాక వణుకు ఒకటి రెండు పిక్సెళ్లకు పడిపోతుంది, దాని కోసం లెన్సులో గాజు పలకలను కదపడం దేనికన్నది వారి ప్రశ్న. దిద్దుబాటు పలకలు మధ్య నుంచి పక్కకు జరిగినప్పుడు లెన్సు తన ఉత్తమ స్థితిలో ఉండదు కాబట్టి పదునులోనో, వెనక నేపథ్యం తీరులోనో సూక్ష్మమైన తేడా రావచ్చని కూడా వారు అంటారు. బ్యాటరీ ఖర్చు సరేసరి. గైరోలు సెకనుకు ఇన్నిసార్లే కొలుస్తాయి కాబట్టి అంతకన్నా వేగమైన షట్టర్‌తో స్టెబిలైజేషన్ పనిచేయదని ఒక వాదన కూడా చాలాకాలంగా ప్రచారంలో ఉంది.

ఈ చివరి వాదన నాకు నిలిచేదిగా కనిపించదు. చేతి వణుకు సెకనుకు పది పన్నెండు సార్లకు అటూ ఇటూగా ఊగే నెమ్మదైన కదలిక. దాన్ని అనుసరించడానికి గైరో వేగం ఎన్నో రెట్లు సరిపోతుంది, ఆ దిద్దుబాటు నిరంతరం సాగుతూ ఉంటుంది కాబట్టి దాని మధ్యలోంచి షట్టర్ ఎంత సన్నని ముక్క కోసినా ఆ ముక్కలోనూ దిద్దుబాటు ఉంటుంది. వేగమైన షట్టర్ దగ్గర స్టెబిలైజేషన్ పనిచేయకపోవడం కాదు, సరిచేయడానికి మిగిలిన వణుకే అతి స్వల్పం కావడం జరుగుతుంది.

ఉంచాలనేవారు ప్రధానంగా వ్యూఫైండర్ కుదురును, ఫోకస్‌ను చూపిస్తారు. దానికి తోడు, ఆట అంటే ఎప్పుడూ పరుగే కాదని గుర్తుచేస్తారు. టాస్ వేసే కెప్టెన్లు, డగౌట్‌లో గోళ్లు కొరుక్కునే కోచ్, ఓడిన తరువాత కోర్టు మీద కూర్చుండిపోయిన క్రీడాకారిణి, ఇవన్నీ దాదాపు కదలని దృశ్యాలు. సాయంత్రం వెలుగు తగ్గాక ఫ్లడ్‌లైట్లు పూర్తిగా పుంజుకునేలోగా, 1/200 దగ్గర ఇలాంటి ఫొటోలు తీయవలసి వస్తే స్టెబిలైజేషన్ తన అంకెకు తగ్గ పని చేస్తుంది. పత్రికల్లో తరువాతి రోజు పెద్దగా పడేది చాలాసార్లు ఈ ఫొటోనే.

రెండు వాదనలనూ పక్కపక్కన పెట్టి చూస్తే, మోడ్‌లు లేని పాత లెన్సుతో అడ్డంగా పరుగెత్తేవారిని వెంటాడేటప్పుడు ఆపేయడమే మేలన్నవారి మాట సరైనది. స్పోర్ట్ మోడ్ వంటిది ఉన్న కొత్త లెన్సుతో దాన్ని ఆపడం వల్ల వచ్చే లాభం కనిపించనంత చిన్నది, వ్యూఫైండర్‌లో పోయే సుఖం మాత్రం పెద్దది.

లెన్సులోనా, కెమెరా బాడీలోనా

స్టెబిలైజేషన్‌కు సెన్సర్‌నే కదిపే పద్ధతి కూడా ఉంది. మార్చుకునే లెన్సులున్న డిజిటల్ ఎస్ఎల్ఆర్‌లో దీన్ని 2004లో కొనికా మినోల్టా తెచ్చింది. అద్దం లేని నేటి మిర్రర్‌లెస్ కెమెరాల్లో ఇది సర్వసాధారణం. బాడీ పద్ధతికి ఉన్న బలం ఏమిటంటే, కెమెరా తన ఇరుసు చుట్టూ గడియారం ముల్లులా మెలి తిరిగే కదలికను అది సరిచేయగలదు. లెన్సులోని పలకలకు ఆ పని చేతకాదు. దాని బలహీనత పొడవైన లెన్సుల దగ్గర బయటపడుతుంది. కెమెరా అర డిగ్రీ ఊగితే 50 ఎంఎం లెన్సులో బింబం 0.44 మిల్లీమీటర్లే జరుగుతుంది, 400 ఎంఎం లెన్సులో అది 3.5 మిల్లీమీటర్లు. సెన్సర్ అంత దూరం పరుగెత్తడం కష్టం. అందుకే పొడవైన ఆటల లెన్సుల్లో లెన్సు పద్ధతి నేటికీ నిలిచి ఉంది, రెండూ ఉన్నచోట అవి పని పంచుకుంటాయి.

మోనోపాడ్ సంగతీ ఇక్కడే చెప్పుకోవాలి. బౌండరీ గీత వెంట కూర్చునే ఫొటోగ్రాఫర్లు దాన్ని వాడేది ముఖ్యంగా బరువు మోయలేక. కెనాన్ 400 ఎంఎం ఎఫ్ 2.8 లెన్సు రెండో తరంలో 3.85 కిలోలు ఉండేది, 2018లో వచ్చిన మూడో తరంలో 2.84 కిలోలకు దిగింది. ఒంటికాలి స్టాండు పైకీ కిందికీ జారడాన్ని చాలావరకు ఆపుతుంది గానీ పక్కలకు ఊగడాన్ని ఆపలేదు, కాబట్టి దాని మీద స్టెబిలైజేషన్‌కు ఇంకా పని ఉంటుంది. కదలకుండా బిగించిన ట్రైపాడ్ మీద మాత్రం తొలితరం లెన్సులు లేని వణుకును ఊహించుకుని తామే బింబాన్ని కదిపేవి. తరువాతి లెన్సుల్లో చాలావాటికి ట్రైపాడ్‌ను గుర్తించే తెలివి వచ్చింది.

వెలుగు స్టాపు, వణుకు స్టాపు ఒకటి కావు

కొనేటప్పుడు మనవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. ఇండోర్ స్టేడియంలో కబడ్డీ తీస్తున్నాం, ఎఫ్ 2.8 లెన్సుతో, వెలుగుకు సెన్సర్ సున్నితత్వాన్ని చెప్పే ఐఎస్ఓ 6400 దగ్గర, 1/1000 షట్టర్‌తో ఎక్స్‌పోజర్ సరిపోయిందనుకుందాం. అదే చోట ఐదు స్టాపుల స్టెబిలైజేషన్ ఉన్న, కానీ జూమ్ చేస్తే ఎఫ్ 5.6కు పడిపోయే లెన్సు వాడితే వెలుగు రెండు స్టాపులు తగ్గుతుంది. అప్పుడు 1/1000 కావాలంటే ఐఎస్ఓ 25600కు వెళ్లాలి, లేదా ఐఎస్ఓ అలాగే ఉంచి 1/250కు దిగాలి. స్టెబిలైజేషన్ ఉంది కదా అని రెండో దారి పడితే, టచ్ కోసం సెకనుకు 8 మీటర్ల వేగంతో చాచిన రెయిడర్ చేయి 1/250 సెకనులో 32 మిల్లీమీటర్లు కదులుతుంది. 1/1000 దగ్గర అయితే 8 మిల్లీమీటర్లే. బోనస్ లైను పదునుగా ఉంటుంది, చైన్ కట్టి కదలకుండా నిలబడ్డ డిఫెండర్ల చేతులు పదునుగా ఉంటాయి, వారి మధ్యలోకి దూసుకెళ్లిన వేళ్లు మాత్రం ఎన్నో లెక్కకు అందవు. స్టెబిలైజేషన్ లేని పాత ఎఫ్ 2.8 లెన్సును సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాడి ఫొటోలో ఆ వేళ్లు కనిపిస్తాయి. పగటి వెలుగులో ఆరుబయట జరిగే ఆటలకైతే ఈ తేడా చాలావరకు మాయమవుతుంది, ఎందుకంటే అక్కడ ఎఫ్ 5.6 దగ్గర కూడా 1/2000కు సరిపడా వెలుగు దొరుకుతుంది. అందువల్ల ఏ లెన్సు మంచిదన్న ప్రశ్నకు ముందు ఏ ఆట, ఎక్కడ, ఏ వేళలో అన్నది తేలాలి.

ఇదే తడబాటు ఫోన్లలోనూ ఉంది. ఓఐఎస్, అంటే లెన్సులో ఇలాంటి స్టెబిలైజేషన్, ఉన్న ఫోను వెలుగు తక్కువైనప్పుడు, చేతి వణుకును ఎలాగూ సరిచేయగలను కాబట్టి ఐఎస్ఓ పెంచే బదులు 1/30 వంటి నెమ్మది షట్టర్‌ను దానంతట అదే ఎంచుకోవచ్చు. బల్ల మీది పూలకుండీకి అది మంచి నిర్ణయమే. స్కూలు వార్షికోత్సవంలో సాయంత్రం ఆరున్నరకు రిలే బ్యాటన్ అందుకుని పరుగందుకునే పిల్లకు కాదు. చాలా ఫోన్లలో ప్రో మోడ్‌లోకి వెళ్తే షట్టర్ స్పీడ్‌ను మనమే 1/500కు పెట్టవచ్చు. ఫొటోలో గరుకు పెరుగుతుంది, పిల్ల ముఖం మాత్రం తెలుస్తుంది.